డిక్కీలో పోయిన చప్పుడు

ప్రభాకర్ కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా కరెంటు ఎక్కడ పోయింది, ఎందుకు పోయింది అని వెతకడంతోనే గడిచింది. వెతుకుతున్నంతసేపూ జనం తిట్టేవాళ్లు. దొరికి లైట్లు వెలిగాక మాత్రం అవేవో వాటంతటవే వెలిగినట్టు తలుపులేసుకుని టీవీ పెట్టుకునేవాళ్లు. అయినా ఆయనకు ఆ పని మీద గౌరవం తగ్గలేదు. రిటైరయ్యాక కార్వాన్‌లోని తన ఇంటి అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పేపరు చదువుకుంటూ హాయిగా కూర్చుందామనుకున్నాడు. ఎదురింట్లో బాలనర్సింహ ఉంటాడన్న సంగతి ఆ ఆలోచనలో ఎక్కడా కలపలేదు.

బాలనర్సింహది పాల వ్యాపారం. ఇంటి వెనకే బర్రెల కొట్టం. పురానాపూల్ నుంచి అఫ్జల్‌గంజ్ దాకా చాయ్ హోటళ్లకు పాలు పోస్తాడు. చాలా ఏళ్లు స్కూటర్‌కు క్యాన్లు కట్టుకుని తిరిగాడు. నడుం నొప్పి మొదలయ్యాక, పాలు తీసుకుపోవడానికని చెప్పి ఒక పాత కారు కొన్నాడు. కొన్న వారంలోనే దాని డిక్కీలో పెద్ద సబ్‌వూఫర్ డబ్బా ఒకటి బిగించుకొచ్చాడు. డిక్కీ అంతా అదే నిండింది కనుక పాల క్యాన్లు వెనక సీట్లోకి మారాయి. పెళ్లికి పోతున్న చుట్టాల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, మూలమలుపు వచ్చినప్పుడల్లా ఒకదాని మీదొకటి ఒరుగుతూ, కొంచెం కొంచెం ఒలుకుతూ ప్రయాణం చేసేవి.

సబ్‌వూఫర్ అనేదానికి పాటతో పెద్దగా పని లేదు. మాటలు, రాగం, పాడేవాళ్ల గొంతు ఇవన్నీ తలుపుల్లో ఉండే చిన్న స్పీకర్లు చూసుకుంటాయి. కింది ఢమఢమ మాత్రం దీని వాటా. లోపల కూర్చున్నవాడికి అది సంగీతం. బయట నిలబడ్డవాడికి ఎవరో పక్కింటి గోడ పడగొడుతున్న చప్పుడు. బాలనర్సింహ కారు సందు మలుపు తిరిగిందంటే ప్రభాకర్ వంటింట్లో స్టీలు గ్లాసులు అరమీద అంగుళం అంగుళం నడిచేవి. ఆయన భార్య సూర్యప్రభ పూజ గూట్లో లక్ష్మీదేవి పటం పక్కకు తిరిగి గోడవైపు చూసేది. ఆవిడ రోజూ పటం సరిచేసేది, రోజూ అది మళ్లీ తిరిగేది.

ప్రభాకర్ ఒకసారి మర్యాదగానే అడిగాడు.

"బాలనర్సింహా, ఆ సౌండు జర తగ్గించుకోరాదయ్యా?"

"సౌండ్ ఏడుంది సారూ? సౌండ్ తక్కువనే పెడ్త. గా ఢమఢమ బేస్" అన్నాడు బాలనర్సింహ, చదువుకున్నవాళ్లకు కూడా ఈ తేడా తెలియదే అన్న జాలితో.

అలాంటి బేస్ ఒక పొద్దున పురానాపూల్ దగ్గర చటుక్కున పోయింది.

బాలనర్సింహ పాలు పోసి తిరిగి వస్తున్నాడు. బ్రిడ్జి మీద బండ్లు నిలిచిపోయాయి. పాట మంచి ఊపులో ఉంది. ఉన్నట్టుండి కింది చప్పుడు మాయమై, పాడేవాడి గొంతొక్కటే దోమలాగా మిగిలింది. ముందు తన చెవులే పోయాయేమోనని భయపడి, వేలు పెట్టి తిప్పుకుని చూసుకున్నాడు. అంతలో వెనక ఆర్టీసీ బస్సువాడు హారన్ కొట్టాడు. చెవులు నిక్షేపంగా ఉన్నాయని తేలింది. బండి పక్కకు ఆపి, డిక్కీ తెరిచి, డబ్బా మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. మన దేశంలో అన్ని యంత్రాలకూ మొదటి వైద్యం ఇదే. డబ్బా పలకలేదు.

ఆ రోజు అతను సందులోకి వచ్చిన సంగతి ఎవరికీ తెలియలేదు. సందు నడుమ పడుకునే కుక్క రోజూ నేల అదిరితే లేచి దారి ఇచ్చేది. ఇవాళ కదల్లేదు. కారు కొన్నాక మొదటిసారి బాలనర్సింహ సొంత సందులో హారన్ కొట్టాల్సి వచ్చింది.

ప్రభాకర్ పేపరు మడిచి లేచి నిలబడ్డాడు.

"ఏమైందయ్యా? ఒంట్ల మంచిగ లేదా?"

"నాకేమైతది సారూ. బేస్ పోయింది. ఏం పాపం చేసిన్నో ఏమో."

"అయ్యో" అన్నాడు ప్రభాకర్. ఆ మాట అంత సంతోషంగా ఆ సందులో అంతకు ముందెవరూ అని ఉండరు.

ఆ సాయంత్రం సూర్యప్రభ సేమియా పాయసం చేసింది. ఇవాళేం పండుగ అని ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఇద్దరూ రెండేసి గిన్నెలు తిన్నారు.

తర్వాత రోజుల్లో ప్రభాకర్ మధ్యాహ్నాలు కమ్మగా నిద్రపోయాడు. నిశ్శబ్దం ఎంత గొప్పదో ఫోన్ చేసి మరీ బంధువులకు వర్ణించాడు. కాకపోతే నిశ్శబ్దంలో కొన్ని కొత్త సంగతులు కూడా వినపడసాగాయి. ఫ్యాను కిర్రుమంటుందని తెలిసింది. బాత్రూంలో నల్లా కారుతుందని తెలిసింది. సూర్యప్రభ రోజూ చెల్లెలితో ఫోన్లో మాట్లాడే విషయం ఎక్కువగా తన గురించేనని తెలిసింది. ఇన్నాళ్లూ ఢమఢమలో అదంతా కలిసిపోయి, ఆయన ఊ కొట్టి ఊరుకునేవాడు.

ఎదురింట్లో మాత్రం దుఃఖం కొనసాగుతోంది. బాలనర్సింహ బామ్మర్ది రవీందర్ పనిగట్టుకుని వచ్చాడు. అఫ్జల్‌గంజ్‌లో మొబైల్ కవర్లు అమ్ముతాడు. ఫోన్లో వీడియోలు చూసి సకల శాస్త్రాలూ నేర్చుకున్నవాడు. డిక్కీలో తలపెట్టి గట్టిగా వాసన పీల్చాడు.

"బావా, కాయిల్ కాలిపోయింది. వాసన సూడు."

బాలనర్సింహ కూడా పీల్చి తలాడించాడు.

వాకిట్లో క్యాన్లు తోముతున్న అతని భార్య నీలమ్మ తలెత్తకుండానే అంది. "అది కాలిన వాసన కాదు, పుల్లవడ్డ పాల వాసన. ఆర్నెల్ల సంది చెప్తున్న."

ఆడమనిషికి ఆంప్లిఫయర్ గురించి ఏం తెలుస్తుందని ఇద్దరూ ఆ మాట విననట్టే ఉండి, బండి తీసుకుని అఫ్జల్‌గంజ్‌లో ఇస్సాకు దుకాణానికి పోయారు.

ఇస్సాకు కారు సౌండ్ సామాన్లు అమ్ముతాడు. రిపేరు కూడా చేస్తాడని బోర్డు మీద రాసి ఉంటుంది. డబ్బా ఊడదీసి, దుకాణంలోని మిషన్‌కు తగిలించాడు. షోకేసు అద్దం గజగజ వణికింది.

"డబ్బా బరాబర్ ఉంది భాయ్. ఆంప్ ఖతం" అన్నాడు.

ఆంప్లిఫయర్ అంటే డబ్బాకు బలం ఇచ్చే పెట్టె. దాన్ని తీసి, దాని జాగాలో దుకాణంలోని కొత్తది పెట్టి చూశాడు. అదీ మూగదే. ఒక కొత్త పెట్టె, ఒక పాత పెట్టె కూడబలుక్కుని ఒకే రోజు చచ్చిపోవు కదా, తప్పు ఇంకెక్కడో ఉండాలి కదా అని ఇస్సాకు ఆలోచించి ఉండవచ్చు. ఆలోచించినా బయటపడలేదు.

"గట్లయితె స్టీరియో పాతగైంది. టచ్ స్క్రీన్ వేసుకో. వెనక కెమెరా గూడ వస్తది, వెనకున్నదంత మంచిగ కనవడ్తది."

"నాకు వెనక కనవడుడు కాదన్నా, వెనక వినవడాలె" అన్నాడు బాలనర్సింహ, దాదాపు ఏడుపు గొంతుతో. పాత సామాను పాత చోటే బిగించుకుని వచ్చేశాడు. ఆ పూట నుంచి పాట పెట్టడం కూడా మానేశాడు. సగం పాట వినడం కన్నా అసలు వినకపోవడమే నయమనుకున్నాడు. దీపావళి వెళ్లగానే పాలవాళ్లు తమ దున్నలను ముస్తాబు చేసి ఊరేగించే సదర్ పండుగ దగ్గరికొస్తోంది. ఈసారి ముందు తన కారు మోగుతుంటే వెనక తన దున్న పూసల దండలతో నడుస్తుందని నలుగురికీ చెప్పుకుని ఉన్నాడు. వాళ్లు ఇప్పుడు దారిలో ఆపి మరీ పరామర్శిస్తున్నారు.

ఈ నిశ్శబ్దం వల్ల నిజంగా ఇబ్బంది పడ్డ మనిషి ఇంకొకరున్నారు. బాలనర్సింహ తల్లి బుచ్చమ్మ. ఆవిడకు చెవులు దాదాపుగా పోయాయి. పొద్దస్తమానం గేటు పక్క నులక మంచం మీద కూర్చుంటుంది. కొడుకు కారు సందు మలుపు తిరగగానే ఆ అదురు నేలలోంచి మంచం కోళ్లకు, కోళ్లలోంచి ఆవిడ నడుముకు తెలిసేది. వెంటనే లేచి చాయ్ పెట్టేది. కొడుకు చెప్పులు విడిచేసరికి గ్లాసు సిద్ధంగా ఉండేది. అమ్మకు ఎట్లా తెలుస్తుందని ఎవరూ అడగలేదు. తల్లి మనసు అనుకున్నారు. నిజానికి అది డిక్కీలోని డబ్బా.

ఇప్పుడు కొడుకు ఆవిడ పక్కనుంచే లోపలికి పోయి అన్నం తింటున్నా, ఆవిడ సందు చివరకేసి చూస్తూ కూర్చుంటోంది. ఒక మధ్యాహ్నం చూసి చూసి, కర్ర పట్టుకుని ప్రభాకర్ అరుగు దగ్గరికి వచ్చింది.

"సారూ, మా వాడు ఇంకా రాలె. నీకేమన్న కనవడ్డడా?"

"వచ్చిండమ్మా! లోపలున్నడు!" అని అరిచాడు ప్రభాకర్.

"ఆఁ?"

"వచ్చిండు! బండి చప్పుడు ఆగిపోయింది, గందుకే నీకు ఎర్కలేదు!"

"ఆగమైపోయిందా? ఏం ఆగమైంది సారూ? ఎవలకు?"

కొడుక్కేదో అయిందనుకుని ఆవిడ సందు చివరకు బయల్దేరబోయింది. సూర్యప్రభ పరుగున వచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని ఎదురింటి వంటగదిదాకా తీసుకుపోయి, పప్పన్నం కలుపుకుంటున్న కొడుకును చూపించింది. ముసలావిడ కొడుకు తల నిమిరి, చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టింది. అన్నం మధ్యలో చాయ్ తాగలేనని చెప్పలేక బాలనర్సింహ ఆ చాయ్ కూడా తాగాడు.

ఇది చూశాక ప్రభాకర్ మనసు కరిగి ఉండాలి. కరిగింది కూడా, కొంచెం. కానీ మళ్లీ కుర్చీలో కూర్చుని పేపరు తీసేసరికి గడ్డకట్టింది. తన మధ్యాహ్నం నిద్ర ఆయనకు ఎంత ముద్దో చెప్పనక్కర్లేదు. ఆయన్ను కదిలించింది జాలి కాదు, రవీందర్.

ఆదివారం పొద్దున బావా బామ్మర్ది కారు నాలుగు తలుపులూ తెరిచి సందులో నిలబడ్డారు. రవీందర్ చేతిలో కటింగ్ ప్లేయర్ ఉంది, నోట్లో శాస్త్రం ఉంది.

"సూడు బావా, ఎర్ర వైర్ల కరెంటు వస్తది. మరి గీ నల్ల వైర్ల ఏమొస్తది? ఏం రాదు. గిది ఉత్తగ పెట్టిండ్రు."

"ఎర్త్ అంటరు గద రా దాన్ని?"

"ఎర్త్ అంటే భూమి బావా. బండికి రబ్బర్ టైర్లున్నయి. భూమికి అంటనే అంటది. గిట్లనే మనల్ని బేకూఫ్ చేస్తరు. దీన్ని కోసిపారేస్త, సూడు."

సందు నిశ్శబ్దంగా ఉంది కనుక ప్రతి మాటా స్పష్టంగా ప్రభాకర్ చెవిన పడింది. పేపరు వెనక ఆయన ముఖం ఎర్రబడింది. ఒక వార్త చదివాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్లీ చదివాడు. ఇన్నేళ్ల సర్వీసులో తిట్లు పడ్డాడు, ఎండలో నిలబడ్డాడు, స్తంభాలెక్కాడు. కానీ నల్ల వైరు ఉత్తదే అన్న మాట ఇంతవరకు వినలేదు.

గుమ్మంలోంచి సూర్యప్రభ ఆయన ముఖం చూసింది. ఏం జరగబోతోందో ఆవిడకు అర్థమైపోయింది.

"ఏమండీ, లోపలికి రండి. టిఫిన్ చల్లారిపోతుంది."

"వాడు నల్ల వైరు కోస్తడట."

"కొయ్యనీయండి. వాళ్ల బండి, వాళ్ల వైరు. మీకేమయింది?"

ప్లేయర్ నోరు తెరుచుకుంది. ప్రభాకర్ కుర్చీ పడిపోయేలా లేచాడు.

"ఏయ్! ఆగు! కొయ్యకు!"

సందంతా అటు తిరిగింది. ప్రభాకర్ లోపలికి పోయి, మంచం కిందినుంచి ఇనప పెట్టె లాగి, అందులోంచి రెండు వైర్లు అతికించిన స్కూటర్ ఇండికేటర్ బల్బు ఒకటి తెచ్చాడు. బనియన్ మీదే కారు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. రిటైర్మెంట్ నాడు శాలువా కప్పినప్పుడు కూడా అంత నిటారుగా నిలబడలేదు.

"కరెంటు వచ్చుడు ఒక్కటే కాదు, వాపస్ గూడ పోవాలె. బ్యాటరీ కాడికెళ్లి ఎర్ర వైర్ల వస్తది. నల్ల వైరు బండి బాడీకి బిగించి ఉంటది. బాడీ మీదికెళ్లి మళ్ల బ్యాటరీకే పోతది. బండికి ఎర్త్ అంటే భూమి కాదు నాయినా, ఇనుము. పాట పెట్టు."

బాలనర్సింహ పాట పెట్టాడు. చిన్న స్పీకర్లు సన్నగా పాడాయి.

"ఇవేమో స్టీరియో కరెంటు మీదనే నడుస్తయి. గందుకే పాడుతున్నయి. ఇగ ఆంప్ సూడు, దాని లైటే వెలుగుతలేదు. లైటే లేనిదాన్ని పట్టుకుని డబ్బా కాలింది, స్టీరియో పోయింది అంటె ఎట్ల?"

బల్బు వైరు ఒకటి ఆంప్లిఫయర్ దగ్గర ఎర్ర వైరుకు, రెండోది నల్ల వైరుకు తాకించాడు. వెలగలేదు. రెండోది తీసి డిక్కీ తలుపు బోల్టుకు, రంగు లేని ఇనుముకు తాకించాడు. టక్కున వెలిగింది.

"సూసినవా? ఎర్రది మంచిగుంది. నల్లదే ఎక్కడనో విడిచిపెట్టింది."

రవీందర్ ప్లేయర్ జేబులో పెట్టుకుని, తనూ అదే అనబోతున్నట్టు తలాడించాడు.

నల్ల వైరు వెంట పోతే అది వెనక సీటు కిందికి దూరింది. ముగ్గురూ కలిసి సీటు పైకి లేపారు. మరుక్షణం ముగ్గురూ ముక్కులు మూసుకుని వెనక్కి తగ్గారు. ఇన్నాళ్లూ క్యాన్లలోంచి ఒలికిన పాలన్నీ అక్కడికే చేరాయి. చేరి, పుల్లబడి, విరిగి, పసుపు పచ్చ తెట్టె కట్టాయి. అందులో నాని నాని, నల్ల వైరు బిగించిన బోల్టు తుప్పుతో ఉబ్బిపోయి బోల్టో బొగ్గో తెలియకుండా ఉంది. ప్రభాకర్ వేలితో తాకితే వైరు కొస చేతికి ఊడి వచ్చింది.

క్యాన్లు తోముతున్న నీలమ్మ ఈసారి తలెత్తింది. "ఆర్నెల్ల సంది చెప్తున్న" అంది, అంతే. మళ్లీ తోమడంలో పడింది. రవీందర్‌కు అప్పుడే దుకాణం తెరవాలన్న సంగతి గుర్తొచ్చింది.

బాలనర్సింహ బకెట్టు నీళ్లు తెచ్చి కడిగాడు. ప్రభాకర్ గరుకు కాగితంతో బోల్టు చుట్టూ ఇనుము తళతళలాడేదాకా రుద్దాడు. వైరు కొస కోసి, కొత్తగా తొక్క తీసి, కొత్త బోల్టుతో పెట్టాడు. పానా పట్టుకుని, ఆఖరి చుట్టు తిప్పే ముందు ఒక్క క్షణం ఆగాడు. తనేం చేస్తున్నాడో ఆయనకు తెలుసు. ఆ చుట్టు తిప్పితే తన మధ్యాహ్నం నిద్ర పోయినట్టే. అరుగు మీద సూర్యప్రభ రెండు చేతులూ జోడించి, వద్దన్నట్టు తలూపుతోంది. కానీ సగం బిగించిన బోల్టు వదిలేసి ఇంటికి పోవడం ఆయన జీవితంలో ఎన్నడూ చేయలేదు. తిప్పేశాడు.

ఆంప్లిఫయర్ లైటు పచ్చగా వెలిగింది. ఆ వెంటనే డబ్బా గర్జించింది.

కుక్క ఎగిరి అవతలకు దూకింది. ప్రభాకర్ వంటింట్లో ఏదో గ్లాసు కింద పడింది. గేటు పక్క మంచం మీద బుచ్చమ్మ ఉలిక్కిపడి, నడుం నిటారుగా పెట్టి, చేత్తో మంచం పట్టె తడిమి చూసుకుంది. తర్వాత ఎవరి ముఖమూ చూడకుండా కర్ర అందుకుని గబగబా లోపలికి పోయి చాయ్ పెట్టింది. బాలనర్సింహ తల్లి పోయిన వైపే చూస్తూ నిలబడిపోయాడు. ఇన్నాళ్లూ చాయ్ ఎట్లా సిద్ధమయ్యేదో ఇప్పుడు తెలిసింది అతనికి. కళ్లు తుడుచుకుంటే చేతికున్న పుల్ల పాల వాసన ముఖానికి అంటింది.

"సారూ, మీరు దేవుడు!" అని ప్రభాకర్ చేతులు పట్టుకున్నాడు.

"జర తగ్గించు" అన్నాడు ప్రభాకర్.

"ఆఁ?"

"తగ్గించు!"

"ఏం సారూ? వినవడ్తలేదు!"

తర్వాత కూర్చుని మాట్లాడుకుని ఒక ఒప్పందానికి వచ్చారు. సందు మలుపు దగ్గర అమ్మకు తెలిసేలా ఒక్కసారి మోగించాలి, ఆ తర్వాత తగ్గించాలి. నీలమ్మ కూడా తన షరతు పెట్టింది. పాల క్యాన్లు ఇక కారెక్కడానికి వీల్లేదు. దాంతో బాలనర్సింహ పొద్దున్నే స్కూటర్ మీద పాలు పోసి వచ్చి, తర్వాత కారు తీసి ఊరికే ఒక చుట్టు తిప్పుకొస్తున్నాడు. నడుం నొప్పి మళ్లీ మొదలైంది. పాల కోసం కొన్న కారు ఇప్పుడు చప్పుడును మాత్రమే మోసుకు తిరుగుతోంది.

సదర్ నాడు అతని కారు ఊరేగింపులో వెళ్లింది. ముందు నడిచిన డీజే వ్యాను ఎంత పెద్దదంటే, బాలనర్సింహ డబ్బా మోగుతోందో లేదో బాలనర్సింహకే తెలియలేదు. దున్న మాత్రం దర్జాగా నడిచింది.

ప్రభాకర్ సంగతే పూర్తిగా తలకిందులైంది. డబ్బా బాగుచేసిన ఖ్యాతి నాలుగు సందులూ పాకింది. ఎక్కడెక్కడి మూగ డబ్బాలూ ఆయన అరుగు ముందుకు రాసాగాయి. కార్వాన్‌లో ఇన్ని సబ్‌వూఫర్లు ఉన్నాయని ఆయనకూ తెలియదు. ఒకరిది ఫ్యూజు పోయి ఉంటుంది, ఒకరిది వైరు ఎలుక కొరికి ఉంటుంది, ఒకరు సెట్టింగుల్లో బటన్ నొక్కి మరిచిపోయి ఉంటారు. ఆయన ఒక్కొక్కటే వెతికి బతికించి పంపుతాడు. బాగుపడ్డ ప్రతివాడూ కృతజ్ఞత కొద్దీ అక్కడే గట్టిగా మోగించి, చూపించి మరీ పోతాడు. ఉద్యోగంలో ఉండగా దొరకని ధన్యవాదాలు ఇప్పుడు వడ్డీతో సహా దొరుకుతున్నాయి.

మొన్న ఆగయ్య అనే ఆటో డ్రైవర్ వచ్చాడు. సీటు వెనక డబ్బా మోగడం లేదట. సూర్యప్రభ గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఆయన ఇంట్లో లేరని చెప్పింది.

"ఉన్న, ఉన్న! బల్బు తెస్తున్న!" అని లోపలినుంచి గొంతు వినిపించింది.

ఆవిడ లోపలికి పోయి బ్యాగు సర్దుకుని వచ్చి, కొన్నాళ్లు చెల్లెలి దగ్గర ఉండి వస్తానని ఆ ఆటోకే బేరమాడింది. బాగయ్యేదాకా ఆగాలన్నాడు ఆగయ్య. ఆవిడ వెనక సీట్లో, మూగ డబ్బాకు ఆనుకుని కూర్చుంది. ప్రభాకర్ ఆటో కింద పడుకుని నల్ల వైరు వెంట పాకుతూ, కరెంటు వాపస్ పోవాల్సిన అవసరం గురించి చెప్పుకుపోతున్నాడు.